సంతకం పెట్టని రోజు

మొన్న శుక్రవారం ఢిల్లీలో దిగి ఫోన్ తెరిచేసరికి పెబ్బేరు నుంచి పిన్ని ఫోన్. "మీ కాక పోయిండు తల్లీ. పొద్దుగాల చాయ్ తాగి మంచంల ఒరిగిండు, అంతే" అంది. కాక్‌పిట్ సీట్లోంచే ఫోన్ చేసి మర్నాటికి సెలవు అడిగాను.

ఆయన నాకు చుట్టం కాదు. మా సంస్థలో ఫ్లైట్ డిస్పాచర్. విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఇంధనం నింపాలి, దిగాల్సిన చోట వాన ఉంటే ఎటు మళ్లాలి అన్నీ నేల మీద కూర్చుని చూసే మనిషి. ఆ కాగితం మీద ఆయనా, పైలట్‌గా నేనూ ఇద్దరం సంతకం పెడితేనే విమానం కదులుతుంది. ఆయనది పెబ్బేరు, మాది తెలకపల్లి. మాట కలిసి ఆయన్ని కాక అని, ఆయన భార్యను పిన్ని అని పిలవడం మొదలుపెట్టాను. ఆయన మాత్రం డ్యూటీలో నన్ను మేడమ్ అనే పిలిచేవాడు. డబ్బా విప్పి జొన్నరొట్టె పంచుకునేటప్పుడే బిడ్డను.

ముందర అన్ని కంప్యూటర్ తెరలున్నా, కాగితం నా చేతికిచ్చే ముందు లేచి కిటికీలోంచి ఒకసారి ఆకాశం చూసేవాడు. ఎందుకు కాకా అంటే, "పంపేటోన్ని, జర చూడకుంటె ఎట్ల?" అనేవాడు. ఊళ్లో వాళ్లమ్మ "నువ్వు ఇమానం నడుపుతవా?" అని అడిగితే, "నడపనమ్మా. పోవాల్నో వద్దో చెప్త" అన్నాడట.

ఒక పొద్దున పూణే విమానానికి హైదరాబాద్‌లో సిద్ధమవుతుండగా తమ్ముడు ఫోన్ చేశాడు. అమ్మ ఇంట్లో పడిపోయిందనీ, నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోతున్నామనీ చెప్పాడు. పోయి మధ్యాహ్నానికి తిరిగొస్తాను కదా, అప్పుడు దవాఖానకు బయల్దేరదాం అనుకుని కాక బల్ల దగ్గరికి వెళ్లాను. ఆయన పూణే మీద మబ్బుల గురించి చెబుతున్నాడు. నేను తలూపుతున్నాను. ఉన్నట్టుండి కలం కింద పెట్టాడు.

"ఏమైంది బిడ్డా?"

బల్ల దగ్గర ఆ పిలుపు ఎప్పుడూ వినలేదు. చెప్పేశాను.

"నువ్వు ఇయ్యాల పోవద్దు. నాకు చేతకాదని ఫోన్ చేసి చెప్పు."

"జనం ఎక్కిండ్రు కాకా! ఇప్పుడు ఇంకో పైలట్‌ను యాడికెల్లి తెస్తరు?"

"జనం ఎక్కిండ్రనే చెప్తున్న. నేను చెప్పిన దాంట్ల ఒక్క ముక్కన్న ఇన్నవా? నేను సంతకం పెట్ట."

కోపంతో అరిచాను. ఆయన కదల్లేదు. "విమానం ఆగనీ. అడిగేటోళ్లు నన్నడుగుతరు. సంతకం ఇద్దరిది, ఒకరి మీద ఒకరు తోయనీకె లేదు" అన్నాడు. చివరికి ఏడుస్తూ, డ్యూటీలు వేసేవాళ్లకు ఫోన్ చేసి, ఈ రోజు నడపలేనని చెప్పాను. వేరే కెప్టెన్ వచ్చేదాకా విమానం ఆగింది. ప్రయాణికులు సిబ్బంది మీద విరుచుకుపడ్డారట. పైఅధికారులు కాకను పిలిచి నిలదీశారట. ఇవన్నీ తర్వాత ఇతరులు చెబితే తెలిసినవే.

నేను దవాఖాన చేరేసరికి అమ్మ మాట్లాడుతోంది. "గింత దూరం ఎందుకొచ్చినవే? తిన్నవా?" అని అడిగింది. చాలాసేపు నా చెయ్యి పట్టుకుని చిన్నప్పటి సంగతులేవో చెప్పింది. ఎండ ఎక్కాక మాట తడబడింది. తర్వాత ఆగిపోయింది. అమ్మ బతికింది గానీ ఆ మాట మళ్లీ రాలేదు. పూణే వెళ్లి ఉంటే ఆ పొద్దుటి మాటలు నాకు దక్కేవి కావు.

తిరిగి డ్యూటీలో చేరిన రోజు కాకకు దండం పెట్టబోతే చేతులు పట్టుకుని ఆపాడు. "నీ కోసం కాదు మేడమ్, విమానం కోసం ఆపిన" అన్నాడు. మళ్లీ మెల్లగా, "అమ్మ ఎట్లున్నది బిడ్డా?" అన్నాడు.

శనివారం పెబ్బేరులో కాకను సాగనంపి కారులో తిరిగి వస్తున్నాను. పశువుల సంత రోజు. రోడ్డు మధ్యలో ఒక ముసలాయన చెయ్యెత్తి నిలబడి లారీలను ఆపాడు. ఆయన వెనక నుంచి ఆవులు ఒక్కొక్కటే దాటుతున్నాయి. చివర లేగదూడ ఒకటి నడిరోడ్డు మీద ఆగి ఇటూ అటూ చూసింది. ఎవరూ హారన్ కొట్టలేదు. అది దాటి తల్లిని చేరుకునేదాకా ఆయన చెయ్యి దించలేదు.