గొంగడి మీద మూడు రోజులు

మా అమ్మ ముఖం నేను తీరిగ్గా చూసింది నెలకు మూడు రోజులే. మిగతా రోజుల్లో ఇసుర్రాయి దగ్గరో, పొయ్యి దగ్గరో ఆమె వీపే కనిపించేది. బయట చేరిన ఆ మూడు రోజులూ మాత్రం ఎడ్ల కొట్టంలో ఒక మూల నల్ల గొంగడి పరుచుకుని కూర్చునేది. గొంగడికి మైల లేదని మావైపు నమ్మకం. అందుకే రెండో కొసన నేను కూర్చున్నా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అమ్మను అంటకూడదు, అంతే. ఇద్దరం చింతగింజలు ఆడేవాళ్లం. మా నాయనమ్మ జొన్నరొట్టె తెచ్చి, చేయి తగలకుండా పైనుంచే అమ్మ పళ్లెంలోకి విడిచేది. ఇప్పటికీ పేడ వాసన తగిలితే నాకు ప్రాణం లేచొస్తుంది. నవ్వేవాళ్లు నవ్వండి.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆ మూడు రోజులు ఐదయ్యాయి, ఐదు పదయ్యాయి. నేనెంత మురిసిపోయానో! అమ్మ ఇంకా బయటే ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను కూడా. పాడు బుద్ధి. నాయనమ్మ ఊరుకుంటుందా?

“లోకంల ఎవ్వరికి లేని ముట్టు నీకే వచ్చిందా? పని ఎగ్గొట్టనీకి గిదొక సాకు!”

ఆ మాట అమ్మకు గట్టిగా తగిలింది. తర్వాతి నెల నుంచి ఎట్లా ఉన్నా సరే, నాలుగో రోజు తలకు పోసుకుని లోపలికి వచ్చేసేది. రక్తం ఆగలేదని నాకొక్కదానికే తెలుసు. గుడ్డలూ గొంగడీ వాగుకు మోసేది నేనే కదా. ఆ నలుపు మీద ఏమీ కనిపించదు. నీళ్లలో ముంచితే మాత్రం వాగు నీళ్లు ఎర్రబడేవి.

“అమ్మా, గింత పోతుంది. అవ్వకు చెప్త” అన్నాను.

“నా మీద ఒట్టే, చెప్పకు. గిట్లుండి పొయ్యి కాడికి వచ్చిన్నని తెలిస్తే మీ అవ్వ ఇల్లు పీకి పందిరేస్తది. కడుపు చించుకుంటే కాళ్ల మీదనే పడ్తది బిడ్డా.”

ఒట్టు తప్పితే తల్లి చచ్చిపోతుందని నమ్మే వయసు నాది. నోరు కుట్టుకున్నాను. అమ్మ పెదవులు తెల్లగా పాలిపోయాయి. నాలుగడుగులు వేస్తే ఆయాసం. రెండు నెలలు అట్లాగే గడిచాయి. ఒకనాడు పొద్దున్నే జొన్నలు విసురుతూ పక్కకు ఒరిగిపోయింది.

“గాలి సోకినట్లుంది, నిమ్మకాయ తేండ్రి!” అని నాయనమ్మ దూరం నుంచే కేకలేసింది.

ఇక నావల్ల కాలేదు. “గాలి కాదవ్వా! రెండు నెలల సంది నెత్తురు ఆగుతలేదు. చెప్పొద్దని ఒట్టు పెట్టింది. చెప్పిన గద, ఇగ అమ్మ చస్తదా?” అని బావురుమన్నాను.

దగ్గరికొచ్చి అమ్మ మీదికి చాచిన నాయనమ్మ చేయి, మైల గుర్తొచ్చి, గాలిలో ఒక్క క్షణం ఆగింది. నాకది బాగా గుర్తు. తర్వాత ఆమె నేల మీద కూలబడి అమ్మ తలను ఒళ్లోకి లాక్కుంది. “బండి కట్టురా! వనపర్తి దవాఖానకు!” అని మా నాయన మీద అరిచింది. “నా నోరు పడిపోను, నీ పాణం మీదికి తెస్తి గదనే” అని అమ్మ చెంపలు నిమిరింది.

మా ఊరు కోడేరు పక్కన. ఎడ్లబండిలో వనపర్తి చేరేసరికి పొద్దు గూకింది. దారి పొడవునా నాయనమ్మ తన చేత్తోనే అమ్మకు జావ తాగించింది. అక్కడ డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి మండిపడింది. “గర్భసంచిలో గడ్డ ఉంది. ఒంట్లో రక్తమే లేదు. ఇన్నాళ్లు ఏం చేస్తున్నారు?”

“తప్పు నాదే తల్లీ” అంది నాయనమ్మ. ఆమె నోట ఆ మాట నేను విన్నది ఆ ఒక్కసారే.

కొన్ని వారాలు మందులిచ్చి, కాస్త తేరుకున్నాక గర్భసంచి తీసేశారు. అమ్మ బతికింది. నేను ఒట్టు తప్పినా బతికింది. అప్పటి నుంచి ఒట్లంటే నాకు లెక్కలేదు.

ఇంటికొచ్చాక అమ్మకు బయట చేరే పని లేకపోయింది. కొన్నాళ్లకు మళ్లీ పనిలో పడింది, నాకు మళ్లీ వీపే మిగిలింది. అమ్మ బాగుపడిందని ఏడ్చే కూతురు ఉంటుందా? నేను చాటుగా ఏడ్చాను.

ఒకరోజు కొట్టంలోకి పోతే మూలన గొంగడి పరిచి ఉంది. అమ్మ దాని మీద కూర్చుని చింతగింజలు ఏరుతోంది.

“మల్ల నెత్తురా అమ్మా?”

“లేదే. నడుం జర వాలుస్తున్న. అవ్వకు చెప్పకు.”

చెప్పే పనే లేదు, రొట్టె పట్టుకుని నాయనమ్మ నా వెనకాలే నిలబడి ఉంది. అమ్మకు ఇక ముట్టు రాదని ఆమెకు తెలియదా? ఆపరేషన్ నాడు గది గుమ్మంలో కూర్చున్నది ఆమే. ఇక తిట్లు మొదలనుకున్నాను.

నాయనమ్మ వంగి, రొట్టె పళ్లెంలో విడవకుండా అమ్మ చేతిలో పెట్టింది.

“మూడు దినాలు ఈడ్నే ఉండు. నడుమ లేస్తివా, కాళ్లిరగ్గొడ్త” అని, ఇసుర్రాయి దగ్గరికి తానే పోయింది.