అడుగున మూయని సున్నా

దయ్యాలున్నాయంటే నేను నమ్మను. మనుషుల ఒంటి లోపల ఏముందో చూడడమే నా ఉద్యోగం. ఇన్నేళ్ళలో ఎముకలు చూశాను, నీరు చూశాను, రాళ్ళు చూశాను, పిల్లలు మింగేసిన పిన్నీసులు కూడా చూశాను. అంతకుమించి ఎవరి లోపలా ఏమీ కనబడలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా నా అభిప్రాయం అదే. అయినా జరిగింది జరిగినట్టు చెప్పాలి. ఎందుకంటే ఇందులో నా తప్పు ఉంది.

ద్వారకా నగర్‌లో ఒక స్కానింగ్ సెంటర్లో నేను రేడియాలజిస్టుని. ఫిల్ములు చూసి, రిపోర్టు రాసి, సంతకం పెట్టేది నేనే. ఆ మధ్య మా యజమాని కంప్యూటర్లో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టించారు. ఛాతీ ఎక్స్‌రేలకి ఒక మోడల్, సీటీ స్కాన్లకి ఒకటి, ఎముకలకి వేరే ఒకటి. వేలకు వేల బొమ్మలు చూసి నేర్చుకున్నవట. అనుమానం ఉన్నచోట ఎర్రగా రంగు పులుముతాయి. లేకపోతే ఊరుకుంటాయి.

మొదట్లో వాటితో పోటీపడి చూసేవాణ్ణి. చాలాసార్లు వాటిదే పైచేయి అయ్యేది. అలసిపోయిన నా కళ్ళకంటే అవే నయమనిపించింది. పోగా పోగా, రంగు పడని ఫిల్మంటే చూడక్కర్లేని ఫిల్మయిపోయింది నాకు. తెరవడం, రంగు లేకపోతే సంతకం పెట్టెయ్యడం. ఎవరూ అడగలేదు.

నాకు ఈ పని నేర్పిన పెద్ద డాక్టరుగారు ఇవేవీ రాకముందే పోయారు. ఆయన ఫిల్ముని లైటు పెట్టె మీద ఆనించి, అనుమానం ఉన్నచోట పసుపుపచ్చ మైనం పెన్సిల్‌తో సున్నా చుట్టేవారు. అడుగున మాత్రం ఎప్పుడూ కలిపేవారు కాదు. ఎందుకండీ అంటే, "మూసేస్తే ఇక చూడ్డం అయిపోయిందనుకుంటావు. మళ్ళీ చూడు," అనేవారు. ఫిల్ము పేషెంటుకి ఇచ్చేముందు గుడ్డతో తుడిచేసేవారు. ఆ గీతలు ఎక్కడా మిగల్లేదు.

ఒక మధ్యాహ్నం మా అక్క భర్త అప్పలనాయుడు సెంటరుకి వచ్చాడు. పోర్టులో క్రేన్ నడుపుతాడు. నేను ఆయన్ని బావా అంటాను, ఆయనా నన్ను బావా అనే అంటాడు. మా వైపు అంతే. ఫిట్‌నెస్ కాగితం కోసం ఛాతీ ఎక్స్‌రే కావాలి. అది లేకపోతే క్రేన్ ఎక్కనివ్వరు. మనిషికి దగ్గు లేదు, ఆయాసం లేదు. పూర్ణా మార్కెట్లో కొన్న మామిడిపళ్ళ సంచి కుర్చీ కింద పెట్టి, "బేగి సేసీ బావా. లోపల బంగారం ఏటైనా కనబడితే మీ అక్కకి సెప్పకు," అన్నాడు.

ఫిల్ము తెర మీదికి వచ్చింది. రంగు లేదు. సంతకం పెట్టబోతున్నాను. అప్పుడు కనబడింది, పైన ఎడమవైపు, సన్నటి పసుపుపచ్చ సున్నా. అడుగున ఖాళీ.

తెర తుడిచాను. పోలేదు. అది ఎవరి చేతి సున్నాయో గుర్తుపట్టాను. ఆ సాఫ్ట్‌వేర్‌కి రంగు పులమడమే గాని గీత గీయడం రాదు. ఒళ్ళు జల్లుమంది. జల్లుమన్నందుకు నామోషీ వేసింది. దయ్యాల్ని నమ్మనివాణ్ణి కదా! ఏదో పాడైందిలే అనుకుని, సున్నా లోపల ఏముందో కూడా చూడకుండా, నార్మల్ అని సంతకం పెట్టేశాను. బావ కాగితం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తర్వాతది ఎవరో పెద్దావిడ మోకాలు. సున్నా తెర మీద అదే చోట ఉంది, ఎముకే లేని నల్లటి ఖాళీలో. ఆ తర్వాత ఒక తల సీటీ. అక్కడా ఉంది, పుర్రెకి బయట.

కవర్లు తీసుకోవడానికి వచ్చిన మా టెక్నీషియన్ లక్ష్మి తెర వైపు చూసింది. "ఏటి సార్, తలకాయ ఒగ్గేసి పక్కన సున్నా సుట్టేరు?" అంది. ఆ అమ్మాయి పెద్ద డాక్టరుగారిని ఎన్నడూ ఎరగదు. నా కళ్ళదే దోషం అనుకునే వీలు కూడా పోయింది.

బావ ఫిల్ము మళ్ళీ తెరిచాను. ఈసారి సున్నా లేదు. అది ఉన్నచోట, కాలర్ బోన్ నీడలో సగం దాక్కుని, చింతగింజంత మచ్చ ఉంది. సాఫ్ట్‌వేర్ దాన్ని పట్టుకోలేదు. నేను చూడనే లేదు. మోకాలు, తల సీటీ తిరిగి తెరిస్తే వాటిలోనూ సున్నా లేదు.

ఫోన్ చేశాను. "బావా, ఆ కాగితం ఎవరికీ ఇవ్వకు. వెనక్కి రా."

"బస్సెక్కేసేను. ఏటయ్యింది?"

"నేను సరిగ్గా చూడలేదు. తప్పు నాది."

"మరి రేపు డూటీ?"

"లేదు బావా."

"అయితే నీ సంతకానికి ఇలువ లేదన్నమాట," అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుతుంది. కానీ తర్వాతి స్టాపులో దిగి వచ్చాడు.

సీటీలో మచ్చ ఖాయమైంది. ముక్క తీసి పరీక్ష చేస్తే క్యాన్సర్. చిన్నగా ఉండగానే దొరికింది కాబట్టి ఆపరేషన్ చేసి తీసేశారు. బావ ఇప్పుడు క్రేన్ ఎక్కడు. కింద నిలబడి, ఎక్కేవాళ్ళని తిడుతుంటాడు.

సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంజనీరు వచ్చి అంతా వెతికాడు. మూడు మోడళ్ళూ వేరువేరు, ఒకదాని గుర్తు ఇంకోదానిలోకి రాదన్నాడు. పెద్ద డాక్టరుగారి ఫిల్ములు వాటికి నేర్పినవాటిలో లేవన్నాడు. నేను చెప్పింది రాసుకోకుండానే వెళ్ళిపోయాడు.

మా యజమానికి నా నిర్వాకం మొత్తం చెప్పేశాను. ఇప్పుడు ప్రతి ఫిల్మూ ముందు నేను చూసి, ఆ తర్వాతే సాఫ్ట్‌వేర్ ఆన్ చేస్తాను. చూడకుండా సంతకం పెట్టిన పాతవాటిని, రోజూ సెంటరు తెరవకముందే వచ్చి, ఒక్కొక్కటే తిరిగి చూస్తున్నాను. పెందుర్తి ఆవిడ ఒకరి ఛాతీ ఫిల్ములో గడ్డ దొరికింది. ఫోన్ చేసి నా తప్పని చెప్పాను. తిట్టింది, పడ్డాను. వైద్యం జరుగుతోంది. ఇంకా చాలా ఉన్నాయి. అన్నీ చూస్తాను. ఆ సున్నా మాత్రం మళ్ళీ రాలేదు.

మొన్న బావ చెకప్‌కి వచ్చాడు. చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ, "ఇంతకీ ముందు సూసింది ఎవులు బావా? నువ్వా, నీ మిషనా?" అని అడిగాడు.

"ఇద్దరం చూడలేదు బావా."

"మరెవులు సూసేరు?"

నాకు ఇప్పటికీ తెలీదు. బావ కొత్త ఫిల్ముని మొదటినుంచి మళ్ళీ ఒకసారి చూశాను.