నెయ్యి గిన్నె పట్టిన చేయి

జహీరాబాద్ బజారులో శరణప్ప బట్టల దుకాణానికి వచ్చేవాళ్లు ఆయన ముఖం కన్నా ముందు ఆయన చేతిని చూడటం మొదలుపెట్టి అప్పటికి రెండేళ్లయింది. ఒళ్లో ఉన్నంతసేపు ఆ చేయి బుద్ధిగానే ఉండేది. గజంబద్ద పట్టినా, కత్తెర ఎత్తినా, చాయ్ కప్పు అందుకున్నా వణకడం మొదలయ్యేది. ఎవరైనా చూస్తున్నారంటే మరీను. రవిక గుడ్డ వంకరగా తెగేది. చాయ్ సాసరులోకి, సాసరులోంచి ధోవతి మీదికి దిగేది. బజారు ఊరుకుంటుందా? తాగుడేనని తేల్చేసింది. లింగాయతుల ఇళ్లలో కల్లు పేరెత్తడమే తప్పు. మెడలో ఇష్టలింగం కట్టుకున్న మనిషి తాగుతున్నాడంటే అంతకన్నా రుచైన కబురు బజారుకు ఇంకేం దొరుకుతుంది!

శరణప్పకు కోపం రావలసింది. సిగ్గు వచ్చింది. ఎందుకంటే ఇలాంటి చేతి మీద ఇదే నింద వేసిన మొదటి మనిషి తనే.

ఇరవై మూడేళ్ల కిందటి మాట. శ్రావణమాసం చివరి సోమవారం మఠంలో దాసోహం జరిగేది. ఊళ్లోని లింగాయతులంతా పంక్తిలో కూర్చుని భోంచేసేవారు. పోలెల మీద, అంటే బొబ్బట్ల మీద, నెయ్యి వడ్డించే వంతు శరణప్ప ఇంటివాళ్లది, తాతల నాటి గౌరవం. తండ్రి నాగప్ప చేతికి అప్పటికే వణుకుంది. ఆ రోజు తెల్లవారుతూనే చిరాగ్‌పల్లి దారిలోని ఈతవనంలో, మోదుగాకు డొప్పతో కల్లు తాగుతున్న తండ్రిని శరణప్ప కళ్లారా చూశాడు. కిక్కురుమనకుండా ఇంటికొచ్చాడు. ఇరవై రెండేళ్ల వయసు, తప్పని లింగపూజ, లోకంలోని పాపులందరినీ దిద్దే పని తనమీదే పడిందన్న పొగరు.

మొదటి వరుసలో నాగప్ప చేయి నిలకడగానే ఉంది. రెండో వరుసకు వచ్చేసరికి వణుకు తిరిగొచ్చింది. వేడి నెయ్యి ఒక పెద్దాయన మోకాలి మీద పడింది. శరణప్ప గబగబా వెళ్లి తండ్రి చేతిలోంచి గిన్నె గుంజుకున్నాడు.

"పొద్దుగాల కల్లు తాగి పంక్తిలకు వస్తవా? సిగ్గు లేదా నీకు?"

నాగప్ప కాదనలేదు. అవుననీ అనలేదు. రెండు చేతులూ కండువాలో దాచుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత బతికిన ఆరేళ్లూ ఏ పంక్తిలోనూ కూర్చోలేదు. ఇంట్లో కూడా పెరటి అరుగు మీద గోడవైపు తిరిగి తినేవాడు, మెతుకులు ఒలికితే కోడలు చూడకూడదని. శరణప్ప దాన్ని పశ్చాత్తాపం అనుకున్నాడు. తన మాటతోనే నాయిన బాగుపడ్డాడని నలుగురికీ చెప్పుకున్నాడు కూడా.

ఇప్పుడు 1945, మళ్లీ శ్రావణం. ఈసారి గిన్నె ఇంకో ఇంటికిద్దామని మఠం పెద్దలు గుసగుసలాడుతున్నారు. అదే జరిగితే తాగుబోతుల ఇల్లన్న పేరు ఖాయమైపోతుంది. బజారు మాటలన్నీ దిగమింగిన శరణప్ప ఒక్కదాన్ని మింగలేకపోయాడు. పద్దెనిమిదేళ్ల కొడుకు శివకుమార్ ఏదో అడిగే నెపంతో దగ్గరికొచ్చి తండ్రి నోటి వాసన చూశాడు. మర్నాడే శరణప్ప దవాఖానకు వెళ్లాడు.

డాక్టర్ హఫీజుద్దీన్ మాట తక్కువ మనిషి. చేతులు ముందుకు చాపమన్నాడు, ఒళ్లో పెట్టుకోమన్నాడు, ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయించాడు. కాగితం మీద చుట్టలు చుట్టలుగా గీత గీయించాడు. గీత పొడవునా రంపపు పళ్లు తేలాయి.

"ముసలితనంల వచ్చే వణుకు ఇంకోటున్నది సేఠ్. అండ్ల చెయ్యి ఊకె ఉన్నప్పుడే వణుకుతది. నీది పనికి ఎత్తితే వణుకుతున్నది. నరాల బీమారి. పానానికేం కాదు, ఫికర్ చెయ్యకు. ఇది శానా మట్టుకు ఖాందాన్‌ల వస్తది. మీ ఇంట్ల ఎవరికన్న ఉండెనా?"

"మా నాయినకుండె సాబ్. కాని ఆయనది తాగుడు. నా కండ్లతోని చూసిన."

"తాగితే వణుకొచ్చిందా, వణుకొచ్చినంక తాగిండా?"

శరణప్ప కాగితం మీది గీతను మళ్లీ చూశాడు.

"ఈ వణుకున్నోళ్లకు జర కల్లు పడితే గంటసేపు చెయ్యి నిలబడతది. నా దగ్గరికొచ్చినోళ్లే చెప్పిన్రు. దవా అనుకొని మొదలువెట్టకు. దిగినంక ఇంకింత వణుకుతది, అలవాటైతే మనిషే పోతడు. మీ నాయిన రోజూ తాగేటోడా?"

రోజూ కాదు. శరణప్ప చూసింది ఆ ఒక్క రోజే. నెయ్యి గిన్నె పట్టవలసిన రోజు.

ఇంటికొచ్చేసరికి తల్లి బసమ్మ జొన్నలు చెరుగుతోంది.

"అవ్వా, నాయినది రోగమని నీకు ఎరుకనా?"

చేట ఆగింది. "ఎరుకనే. మీ తాతకు గూడ ఉండె."

"మరి నాకెందుకు చెప్పలే?"

"అప్పుడు నీకు రాయికోడ్ సంబంధం చూస్తున్నం. రోగం వంశంలనే ఉన్నదంటే పిల్లనెవ్వరిస్తరు? తాగుడంటే నా ఒక్కనితోనే పోతది, అననియ్యి అన్నడు మీ నాయిన. నాతోని ఒట్టేయించుకున్నడు."

"పెండ్లయినంకనన్న చెప్పొద్దా?"

"అప్పటికి నీకు కొడుకు పుట్టె గద."

గోడవైపు తిరిగి తిన్న ఆ వీపు శరణప్ప కళ్ల ముందు నిలిచింది. ఆరేళ్లు. తనేమో దాన్ని గొప్పగా చెప్పుకున్నాడు. చచ్చిపోవాలన్నంత సిగ్గేసింది. సిగ్గుపడి మాత్రం ఎవరికి చూపించాలి!

ఆ వారమే శివకుమార్‌ను దుకాణంలో కూర్చోబెట్టి అంతా చెప్పాడు. పంక్తిలో చెప్పేస్తానన్నాడు, దానివల్ల నీకు పిల్లనివ్వడానికి జనం వెనకాడవచ్చునని కూడా అన్నాడు. శివకుమార్ విని లేచిపోయాడు.

సోమవారం తెల్లవారుతూనే శరణప్పను కాళ్లు ఈతవనానికి లాక్కెళ్లాయి. తండ్రి నిలబడ్డ చోట కాసేపు నిలబడి, నోరు తడపకుండానే వెనక్కి వచ్చాడు. మఠంలో ఎవరూ ఇవ్వకముందే గిన్నె తీసుకున్నాడు. మూడో విస్తరి దగ్గరే నెయ్యి నేలపాలైంది.

"తండ్రి బుద్ధే వచ్చింది," అన్నారెవరో, వినపడేలా.

శరణప్ప ఆగాడు. "బుద్ధి రాలే. చెయ్యి వచ్చింది. ఇది మా ఇంట్ల ఉన్న రోగం. మా నాయిన తాగుబోతు కాడు. ఈ జాగలనే ఆయన చేతిలకెల్లి గిన్నె గుంజుకున్న. తప్పు నాది."

ఆనాటివాళ్లు పంక్తిలో ఇద్దరో ముగ్గురో మిగిలారు. వినవలసిన మనిషి లేనే లేడు. పంక్తి చివరి నుంచి శివకుమార్ లేచి వస్తున్నాడు. గిన్నె గుంజుకుంటాడు, గుంజుకోనీ అనుకున్నాడు శరణప్ప. వేళ్లు మరింత వణికాయి.

శివకుమార్ గిన్నె కింద తన అరచేయి ఆనించాడు.

"నెయ్యి పొయ్యి, నాయినా."

నెయ్యి తిన్నగా పోలె మీద పడింది. ఆనాడు తను చేయవలసింది ఇంతే. ఇంత చిన్న పని. శరణప్ప తలెత్తలేక, విస్తళ్లనే చూస్తూ పంక్తి చివరిదాకా వడ్డించాడు.