గుర్రాల నడుము తెలిసిన ఖాలా

మా పక్కింటి ఖాలా మొన్న శుక్రవారం పొద్దుగాల పోయింది. జుమ్మా నమాజ్ అయినంక మట్టి చేసిండ్రు. ఆర్మూర్ చుట్టుపక్కల పెండ్లి గుర్రాలు నడిపేటోళ్లల్ల ఒక్కడు రాలే. ఒకప్పుడు వాళ్ల గుర్రాలే ఆమె వాకిట్ల వంతు కోసం నిలబడేటివి.

ఖాలా పెనిమిటి టాంగా నడిపేటోడు. పసుపు అమ్మేటందుకు వచ్చిన రైతులను బస్టాండ్ నుంచి మార్కెట్‌కు చేర్చేటోడు. దినమంతా బండి గుంజిన గుర్రానికి ఆమెనే ఒళ్లు పట్టేది. ఆటోలొచ్చి టాంగాలు పోయినయి, ఆయన గూడ పోయిండు. ఆ పని ఆమె చేతులల్ల మిగిలింది. జక్రాన్‌పల్లి, డిచ్‌పల్లి నుంచి బారాత్ గుర్రాలను తోలుకొచ్చేటోళ్లు.

పిసుకుడు, గుద్దుడు ఏం ఉండకపోయేది. చప్పుడు కావద్దని ముందు గాజులు తీసి కిటికీల పెట్టేది. చలికాలమైతే చేతులు చంకల పెట్టుకొని వెచ్చగ చేసుకునేది. మెడ ఎనుక అరచెయ్యి ఆనిచ్చి ఊకనే నిలబడేది. తర్వాత వెన్ను పొడుగునా మెల్లగ జరిపేది. తోలు అదిరిన చోట ఆగి, చెయ్యి ఇంకింత తేలిక చేసేది. ఎంతసేపటికో గుర్రం తల దించి, పెదవులు నాకి, పెద్దగ ఆవులించేది. "పట్టు ఇడిసింది," అనేది ఖాలా. ఒకసారి నేను గట్టిగ ఒత్తబోతే చేతి మీద కొట్టింది.

"బలం చూపియ్యకు బేటా. దానికి నీకంటె ఎక్కువున్నది."

నా పెండ్లికి నాలుగు దినాల ముందు, నేను ఎక్కాల్సిన తెల్ల గుర్రాన్ని దాని యజమాని ఆమె దగ్గరికి తెచ్చిండు. నేను అక్కడనే ఉన్న.

"నడుము పట్టేసింది. నెల దినాలు ఎవ్వలనూ ఎక్కనియ్యకు," అన్నది ఖాలా.

ఆయన నా దిక్కు చూసిండు. "జర సేపే కద ఖాలా, ఫంక్షన్ హాల్ దాకనే," అన్న నేను. ఆమె గుర్రం మీదికెల్లి చెయ్యి తీసింది.

బారాత్ సగం దూరం పోయినంక దాని ఎనుక కాళ్లు మడతపడ్డయి. నాకు దెబ్బ తగలలే. డీజే ఆపిండ్రు. "గా ముసలామె పిసికి పిసికి దీని నడుము ఖరాబ్ చేసింది," అని యజమాని అందరి ముందట అన్నడు. మా నాయిన నన్ను అడిగిండు, "నిజమేనార? నువ్వు అక్కడున్నవట కద."

"నాకెర్క లేదు నాయినా," అన్న.

ముహూర్తం దాటుతున్నదని అందరం ముందుకు నడిచినం. గుర్రం రోడ్డు మీదనే పడున్నది. రెండు దినాలకు సచ్చింది.

మల్ల ఆ వాకిట్లకు గుర్రం రాలే. ఖాలా మార్కెట్ల పసుపు కొమ్ములు ఏరే కూలికి పోయింది. మంచం పట్టేదాక అదే పని. వెన్నుల నొప్పి ఎక్కడున్నదో పట్టే వేళ్లు అవి. మొన్న మట్టి కాడ అందరూ ఆమె చేతి గుణం గురించి మంచిగ మాట్లాడిండ్రు. నేను గూడ మాట్లాడిన. నా మాట నాకే చేదైంది.

పోయిన నెల బత్తాయిలు పట్టుకొని చూడపోయిన. ఏండ్ల సంది గొంతుల ఉన్నది చెప్పిన.

"ఆ దినం నేను అబద్ధమాడిన ఖాలా."

"ఎర్కే," అన్నది. జర సేపు ఊపిరి తీసుకొని, "నువ్వు నిజం చెప్పినా ఆ గుర్రం బతికేది కాదు బేటా. నేను బతికేదాన్ని," అన్నది.

మాఫ్ చెయ్యమని నేను అడిగేలోపే గోడ దిక్కు తిరిగి పండుకున్నది. బత్తాయిల సంచి మంచం పక్కన పెట్టి వచ్చిన.

ఎవలతోని పెట్టిపిచ్చిందో, తెల్లారి తలుపు తీస్తే ఆ సంచి మా గడప ముందట ఉన్నది. కట్టిన ముడి కట్టినట్టే ఉన్నది.