ఉలి పట్టిన చెయ్యి

నంద్యాల నుంచి లాయరమ్మ వచ్చేసరికే మా పెదనాయన కన్నీళ్లు సిద్ధం చేసుకున్నాడు. పక్షవాతంతో తాత కుడిచెయ్యి పడిపోయిన దగ్గర్నుంచి ఆయనకదే పని. తాత మాత్రం మంచం మీద కూర్చుని, టీ చల్లారిందని మా మేనత్తను తిడుతున్నాడు.

తాత ఆళ్లగడ్డలో శిల్పి. విగ్రహాలు చెక్కే షెడ్డు మేనత్త పేర రాయాలన్నది ఆయన పంతం. ఆయన పక్కన కూర్చుని పని నేర్చింది ఆమె ఒక్కతే. మా నాయనా, పెదనాయనా ఉలి ముట్టింది ఆయుధపూజనాడు బొట్టు పెట్టడానికే. వీలునామా చెల్లకపోతే షెడ్డు ముగ్గురికీ పంపకమవుతుంది. అత్తకు మిగిలేది ఒక మూల.

లాయరమ్మ వీలునామా అంతా చదివి వినిపించింది.

"మీరు చెప్పినట్టే ఉందా పెద్దాయనా?"

"ఉండాది. యాడ పెట్టాల?"

ముందు చిత్తు కాగితం మీద ఎడమ బొటనవేలి ముద్ర వేయించి చూసింది. నల్లటి మచ్చ పడింది, అంతే. వేలి గీతలన్నీ రాయి ఎప్పుడో తినేసింది. రేషన్ షాపు మిషను కూడా ఆయన్ను ఏనాడూ మనిషిగా ఒప్పుకోలేదు.

పెదనాయన గొంతు వణికించాడు. "నేను చెయ్యి పట్టుకొని సంతకం పెట్టిస్తానమ్మా! నాయనకు ఈ మాత్రం చేసుకోలేనా?"

"అట్లయితే అది మీ సంతకమని రేపు ఎవరైనా అంటారు. ఆయనంతట ఆయన ఏ గుర్తు పెట్టినా చాలు. ఇద్దరు సాక్షులు చూడాలి. ఆస్తి వచ్చే మనిషి మాత్రం సాక్షి కాకూడదు."

"ఎడమచేత్తో ఏం పెడతాడమ్మా, పాపం!"

"ఏందిరా పాపం?" అన్నాడు తాత. "కుడిది సుత్తి కొట్టే కూలిది. ఉలి పట్టింది ఇదే గదరా!"

ఆ ఇంట్లో పుట్టి పెరిగిన మాకెవరికీ ఆ సంగతి తట్టనే లేదు. పెన్నును ఉలిలా పిడికిట పట్టి, నిదానంగా ఒక నిలువు గీత, దాని మీద రెండు రేకులు గీశాడు. గీత ఎక్కడా తప్పలేదు.

"ఇది ఈయన గుర్తేనని చెప్పగలరా?" అంది లాయరమ్మ.

పెదనాయన ఏడుపు ఆపి కాగితం మీదికి వంగాడు. మా నాయన ముందే ఒప్పుకున్నాడు; ఇక అడ్డం తిరగగలిగిన మనిషి ఆయనొక్కడే.

"నాయనదేనమ్మా. చిన్నప్పుడు విగ్రహాలు లారీకెక్కిస్తాంటే పీఠాల కింద ఈ గుర్తు చూసినా. ప్రతిదానికీ ఉండాది." జేబులోంచి పెన్ను తీశాడు. "సాక్షిగా నేను పెడతా."

"ముక్కు తుడుచుకొని పెట్టు. కాగితం తడుస్తాది," అన్నాడు తాత.

రెండో సాక్షిని నేను. కాలేజీ రోజుల్లో నోటు పుస్తకాల నిండా సాధన చేసిన నా సంతకం, తాత గుర్తు కింద కోడి గీరినట్టుంది. అయినా ఆ కాగితం మీద చోటు దొరికినందుకు ఇప్పటికీ నా ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

అత్త టీ మళ్లీ వేడిచేసి తాతకిచ్చి, షెడ్డులోకి పోయింది. కాసేపటికి సుత్తి చప్పుడు మొదలైంది.