మేడం కవితకి మా అక్క చెప్పిన మాట

పొద్దున్న ఏడింటికి మా ఆయన కంపెనీ బస్సెక్కగానే ముగ్గురం ఫోన్లో కలిసేవాళ్ళం. అబుదాబి దగ్గర బనియాస్‌లో నేను, దుబాయ్‌లో అక్క, మండపేటలో అమ్మ. అమ్మ పోయి ఏడాదైంది. ఆ వేళకి అక్కా నేనూ ఇప్పుడు ఫోన్ ముట్టుకోం.

మా అక్క సత్యకుమారి ఓ స్పెయిన్ మేడం ఇంట్లో ఎనిమిదేళ్ళుగా వంటా, పనీ చేస్తోంది. చదివింది ఐదో తరగతి. స్పానిష్ మాత్రం చెవితోనే పట్టేసింది. ఆ మేడం కవితలు రాస్తుంది.

అమ్మ శవాన్ని వీడియోలో చూస్తూ అక్క వంటింట్లో శోకాలు పెట్టింది. మేడం గుమ్మంలో నిలబడి రికార్డు చేసుకుంది. పదకొండో రోజు కార్యానికి పంపమంటే, "పంపుతాను. ముందు దీనిమీద కవిత పూర్తవ్వాలి. నీ ఏడుపుకి సరైన మాట కావాలి" అంది. అక్క పాస్‌పోర్టు ఆవిడ బీరువాలో ఉంది. నాది వీసా రెన్యువల్లో ఇరుక్కుంది. ఇద్దరి తరఫునా అక్కైనా వెళ్ళాలి.

రోజూ టీ వేళకి మేడం ఆ రికార్డు పెట్టి, ఏ మాట సరిపోతుందని అక్కని అడిగేది. "యాంతో?" అంటే ఏడుపు. "కెహీదో?" అంటే మూలుగు. తొందరగా ఖలాస్ అయిపోతుందని అక్క దేనికైనా సరే అనేసేది. మర్నాటికి మేడం ఆ మాట కొట్టేసేది. మళ్ళీ రికార్డు.

"ఏదో ఒకటి గట్టిగా చెప్పి చావవే" అన్నాను.

"నా గొంతు నేనే వినలేకపోతన్నానే" అంది.

తొమ్మిదో రోజు అక్క నోరు విప్పింది. "మేం ఒట్టినే ఏడవం మేడం. పోయినవాళ్ళని నిలదీస్తాం. నాకు చెప్పకుండా ఎలా పోయావే, నేను పంపిన చీర ఎవరు కడతారే అని." దానికి మాట కూడా చెప్పింది: రెక్లామో. మిక్సీ పాడైతే షాపువాడిని నిలదీస్తూ మేడం ఫోన్లో వాడే మాటే.

మేడం అక్కని వాటేసుకుంది. "అదే! శుక్రవారం చదువుతాను. నలభైమంది వస్తారు. వంట నువ్వే చెయ్యాలి."

శుక్రవారమే పదకొండో రోజు.

అక్కడ కాలవగట్టున బాబాయి కార్యం కానిచ్చాడు. ఇక్కడ అక్క ట్రే పట్టుకుని తిరిగింది. మధ్యాహ్నం మేడం చదివితే, ఆ మాట దగ్గర ఒకావిడ కళ్ళు తుడుచుకుందట. ఎలా తట్టిందని అడిగితే, "స్నానం చేస్తుంటే" అందట మేడం.

అందరూ వెళ్ళాక అక్క పాస్‌పోర్టు అడిగింది.

"అయిపోయిందిగా సత్యా, ఇప్పుడెళ్ళి ఎవర్ని చూస్తావ్? గ్లాసులు కడిగెయ్, మరకలు పడతాయి."

అక్క నాకు ఫోన్ చేసింది. వెనకాల మేడం కేకలు వినిపిస్తున్నాయి.

"వెళ్ళవే, తిడుతుంది" అన్నాను.

"తిట్టనీ. నలభై గ్లాసులూ డాబా మీద ఎండలో ఉన్నాయే. ఈగలు ముసిరేశాయి. కడగను" అంది.