నీళ్లు లేని జలపాతం

అంగడిలో ఇప్పపూల వాసన తగలగానే నాన్న మీద పాత కోపం లేచింది.

చిన్నప్పుడు, చలి తగ్గిన రోజుల్లో, ఆ వాసన నిండిన పినపాక అడవిలో వాగు వెంట మధ్యాహ్నం దాకా నడిపించి నాకు జలపాతం చూపించాడు. నల్లబండ మీద చెంబుతో ఒంపినన్ని నీళ్లు జారుతున్నాయి.

"ఇదేంది నాన్నా? వానాకాలంల చెవులు పగిలేటట్టు దుంకుతదని మా బడి పిల్లలు చెప్పిన్రు!"

"గట్ల దుంకుతుంటె నిన్ను తోలుకొస్తనా?" అని నవ్వాడు.

ఆ 'నిన్ను' గుచ్చుకుంది. తమ్ముడినైతే వానల్లోనే తెచ్చేవాడని, ఆడపిల్లకు ఈమాత్రం చాలనుకున్నాడని ఉడికిపోయి, తిరుగుదారిలో ఆయన చెయ్యి పట్టుకోలేదు.

నాకు పాప పుట్టాక గానీ ఆ మాట అర్థం కాలేదు. ఆ వాననీళ్ల ఉరవడిలో నాకేమవుతుందోనని ఆయన భయపడ్డాడు, అంతే. అయినా కోపం పోలేదు. "నాకు భయం బిడ్డా" అనడానికి ఏం అడ్డొచ్చింది? ఆ ఒక్క మాట దాచుకుని, నన్ను ఇన్నేళ్లూ తమ్ముడి కంటే తక్కువదాన్నే అనుకోనిచ్చాడు.